డేటాబేస్ నిర్వహణలో ఖాళీ స్థలం లెక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్‌లో అడ్తి దుకాణాలు, జిన్నింగ్ మిల్లులు, గోదాములు తమ లెక్కలను రిజిస్టర్ల నుంచి కంప్యూటర్‌కు మార్చుకుని చాలా ఏళ్లయింది. ఆ డేటాబేస్‌లను చూసుకునే వ్యక్తి సాధారణంగా ఒక్కరే ఉంటారు. పత్తి, మిర్చి సీజన్లలో డిస్క్ నిండిపోతే అందరూ అడిగేది ఆ ఒక్కరినే. ఇటువంటి పనిలో ఉన్నవారు నన్ను పదేపదే అడిగిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. ఎక్కువ భాగం పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ గురించే ఉంటుంది, ఎందుకంటే నాకు బాగా తెలిసినది అదే. అలాంటి ఇంకో సాఫ్ట్‌వేర్ మై ఎస్‌క్యూఎల్ వాడేవారి కోసం చివర్లో కొంత చెప్పాను.

వాక్యూమ్ (టేబుల్‌లోని పనికిరాని వరుసలను, అంటే రికార్డులను, శుభ్రం చేసే ఆదేశం) నడిపాం. ఐదు జీబీ ఖాళీ అయిందని లెక్క చూపిస్తోంది. కానీ డిస్క్‌లో ఖాళీ ఏమాత్రం పెరగలేదు. వాక్యూమ్ పనిచేయలేదా?

పనిచేసింది. ఇక్కడ రెండు రకాల ఖాళీలు కలిసిపోతున్నాయి. ఎనుమాముల మార్కెట్ దగ్గర మీరు ఒక గోదాము కిరాయికి తీసుకున్నారనుకోండి. అందులోంచి సగం బస్తాలు లారీకి ఎక్కించారు. లోపల స్థలం ఖాళీ అయింది, రేపు వచ్చే సరుకును అక్కడే పెట్టుకోవచ్చు. కానీ గోదాము మీ కిరాయిలోనే ఉంది, యజమానికి తిరిగి అప్పగించలేదు. మామూలు వాక్యూమ్ చేసేది ఇంతే. టేబుల్ ఫైల్ లోపల పనికిరాని వరుసలను తీసేసి, ఆ చోటు మళ్లీ వాడుకోవచ్చని రాసి పెడుతుంది. ఫైల్ సైజు మాత్రం అంతే ఉంటుంది, ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగి వచ్చేది ఏమీ ఉండదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. టేబుల్ ఫైల్ పేజీలు అనే సమాన ముక్కలుగా ఉంటుంది. ఫైల్ చిట్టచివర వరుసగా ఉన్న పేజీలన్నీ పూర్తిగా ఖాళీ అయితే, వాక్యూమ్ ఆ తోకను కత్తిరించి డిస్క్‌కు ఇచ్చేస్తుంది. అందుకు చివర కనీసం 1000 పేజీలైనా, లేదా టేబుల్‌లో పదహారో వంతైనా ఖాళీగా ఉండాలి. ఆ కొద్దిసేపు టేబుల్ మీద పూర్తి లాక్ (ఇంకెవరూ ముట్టుకోకుండా వేసే తాళం) దొరకాలి. ఐదు సెకన్లలోపు లాక్ దొరక్కపోతే ఆ ప్రయత్నాన్ని వదిలేస్తుంది. రద్దీ టేబుళ్లలో ఈ కత్తిరింపు మీద ఆశ పెట్టుకోకపోవడమే మేలు.

మేము ఏ రికార్డునూ తొలగించం. మరి చచ్చిన వరుసలు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

మార్పుల నుంచి వస్తున్నాయి. పోస్ట్‌గ్రెస్‌లో ఒక వరుసను మారిస్తే పాతది చెరిగిపోదు. కొత్త ప్రతి ఇంకో చోట పుడుతుంది, పాత ప్రతి అలాగే మిగిలిపోతుంది. ఒక మిర్చి లాట్ ప్రయాణాన్ని గమనించండి. గేటు దగ్గర ఎంట్రీ వేసినప్పుడు వరుస పుడుతుంది. జెండా పాట (వేలం) తర్వాత ధర రాసినప్పుడు అది ఒకసారి మారుతుంది. కాంటా అయ్యాక తూకం రాస్తే రెండోసారి, తక్ పట్టీ (రైతుకు ఇచ్చే లెక్క చీటీ) ఇచ్చాక మూడోసారి, రైతుకు డబ్బు చెల్లించాక నాలుగోసారి. మీ కంటికి కనబడేది ఒక్క లాటే, ఫైల్‌లో మాత్రం దానికి ఐదు ప్రతులు తయారయ్యాయి, వాటిలో నాలుగు పనికిరానివి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రోజూ వచ్చే లాట్ల సంఖ్యను నాలుగుతో గుణిస్తే, ఒక్క డిలీట్ కూడా లేకుండానే టేబుల్ ఎందుకు ఉబ్బుతోందో అర్థమవుతుంది.

అన్ని మార్పులూ ఒకే బరువు కావు. మారిన కాలమ్ మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి ఉంచే సూచిక) లేకపోతే, కొత్త ప్రతికి అదే పేజీలో చోటు ఉంటే, ఇండెక్స్‌లను ముట్టుకోకుండానే ఆ మార్పు పూర్తవుతుంది. అలాంటి పాత ప్రతులను పోస్ట్‌గ్రెస్ మామూలు చదువు, రాత పనుల మధ్యలోనే ఆ పేజీ వరకు శుభ్రం చేసుకుంటుంది. ఇలా తరచూ మారే టేబుళ్లకు ఫిల్‌ఫ్యాక్టర్‌ను (పేజీని ఎంత శాతం నింపాలో చెప్పే సెట్టింగ్) 100 నుంచి 85కో 80కో తగ్గించడం నాకు బాగా ఉపయోగపడింది. ప్రతి పేజీలో కొంత చోటు కావాలనే వదిలిపెట్టడం మొదట వృథాలా కనిపిస్తుంది, కానీ ఆ చోటు రోజూ పనికొస్తుంది.

ఫ్రీ స్పేస్ మ్యాప్ అంటే ఏమిటి? అందులోని అంకెలు ఎంతవరకు నిజం?

ప్రతి టేబుల్‌కూ పక్కనే ఒక చిన్న ఫైల్ ఉంటుంది. టేబుల్‌లోని ఏ పేజీలో ఎంత చోటు ఉందో అందులో రాసి ఉంటుంది. పేజీ సైజు 8192 బైట్లు. ఒక్కో పేజీకి మ్యాప్ కేటాయించేది ఒక్క బైటే, అంటే 256 మెట్లు. 8192ను 256తో భాగిస్తే 32. కాబట్టి మ్యాప్ ప్రతి పేజీలోని ఖాళీని 32 బైట్ల మెట్లలోనే చెప్పగలదు, మెట్టుకు అందని మిగులును వదిలేస్తుంది. 12 జీబీ టేబుల్‌లో 15,72,864 పేజీలు ఉంటాయి. అంత టేబుల్‌కూ మ్యాప్ కొన్ని మెగాబైట్లే అవుతుంది. కొత్త వరుస వచ్చిన ప్రతిసారీ ఎక్కడ చోటుందో వెంటనే వెతకాలి గనుక, దాన్ని ఇంత చిన్నగా ఉంచారు.

ఈ మ్యాప్ సూచన మాత్రమే, తూకం చీటీ కాదు. సర్వర్ హఠాత్తుగా ఆగితే అది కొంచెం పాతబడి ఉండవచ్చు. మ్యాప్ చోటుందని చెప్పిన పేజీలో నిజంగా చోటు లేకపోతే, పోస్ట్‌గ్రెస్ ఆ అంకెను సరిచేసుకుని ఇంకో పేజీ చూసుకుంటుంది. అందువల్ల డేటాకు నష్టం ఉండదు. నివేదికలో ఈ అంకె రాసేటప్పుడు మాత్రం 'సుమారుగా' అన్న మాట తప్పక చేర్చండి.

పాత పుస్తకంలో మ్యాక్స్ ఎఫ్‌ఎస్‌ఎం పేజెస్ అనే సెట్టింగ్ పెంచమని ఉంది. మా సర్వర్‌లో అది కనిపించడం లేదు.

అది ఇప్పుడు లేదు. ఎఫ్‌ఎస్‌ఎం అంటే ఫ్రీ స్పేస్ మ్యాపే. 2009లో వచ్చిన 8.4 వెర్షన్‌కు ముందు, అన్ని టేబుళ్ల ఖాళీ లెక్కా కలిపి షేర్డ్ మెమరీలో ఒకే చోట ఉండేది. దాని పరిమాణాన్ని ముందే నిర్ణయించాల్సి వచ్చేది, ఒక్కో పేజీ లెక్కకు ఆరు బైట్లు పట్టేవి. పరిమితి చాలకపోతే కొన్ని పేజీల ఖాళీ లెక్క పడిపోయేది. వాక్యూమ్ శుభ్రం చేసిన చోటు ఉండి కూడా ఎవరికీ తెలియకుండా పోయేది, టేబుల్ పెరుగుతూనే ఉండేది. అందుకే ఆ రోజుల్లో డేటాబేస్ మొత్తానికి వెర్బోస్‌తో (వివరాలన్నీ ముద్రించమనే ఎంపికతో) వాక్యూమ్ నడిపితే, చివర్లో ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయో, మొత్తం ఖాళీని గుర్తుంచుకోవడానికి ఎన్ని కావాలో, ఇప్పుడున్న పరిమితి ఎంతో చెప్పేది. ఆ మూడు అంకెలను పోల్చి చూడటమే అప్పటి నిర్వహణలో ముఖ్యమైన పని. పరిమితి పెంచాలంటే సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టాలి.

8.4 నుంచి ప్రతి టేబుల్ మ్యాప్ దానితోపాటే డిస్క్ మీద పెరుగుతుంది. సెట్టింగ్ పోయింది, దానితో పాటు ఆ చివరి సారాంశం కూడా పోయింది. ఈ రెండో మార్పును చాలామంది గమనించలేదు. డేటాబేస్ మొత్తం ఖాళీ ఎంతో వాక్యూమ్ తనంతట తానే చెప్పే రోజులు పోయాయి గనుక, ఇప్పుడు ఆ లెక్క కావాలంటే మనమే అడిగి తీసుకోవాలి.

వాక్యూమ్ వెర్బోస్ చాలా వరుసలు ముద్రిస్తుంది. దేన్ని ముందు చూడాలి?

'చచ్చినవే గానీ ఇంకా తీయలేనివి' అని ఒక సంఖ్య వస్తుంది. నేను ముందు చూసేది దాన్నే. తొలగించిన వరుసల సంఖ్య చూసి సంతోషించడం సులభమే. కానీ రాబోయే సమస్య ముందుగా కనిపించేది ఈ రెండో సంఖ్యలోనే. చాలా కాలంగా ముగియని ఒక ట్రాన్సాక్షన్ (ఖరారు చేసేదాకా ఒకటిగా లెక్కించే పని) ఎక్కడో తెరిచి ఉంటే, ఆ పాత ప్రతులు దానికి అవసరం కావచ్చని పోస్ట్‌గ్రెస్ వాటిని ముట్టుకోదు. అప్పుడు వాక్యూమ్‌ను రోజుకు పదిసార్లు నడిపినా ఫలితం ఉండదు.

నేను చూసిన ఒక దుకాణంలో సీజన్ మధ్యలో లాట్ల టేబుల్ వారంలోనే రెట్టింపు అయింది. ఆటోవాక్యూమ్, అంటే దానంతట అది నడిచే వాక్యూమ్, క్రమం తప్పకుండా నడుస్తోంది, లాగ్‌లో తప్పు ఏదీ లేదు. తీయలేని వరుసల సంఖ్య మాత్రం రోజురోజుకూ పెరుగుతోంది. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, వెనక గదిలోని ఒక కంప్యూటర్‌లో ఎవరో ఒక బిల్లును మార్చి, ఖరారు చేయకుండా తెర అలాగే వదిలి వెళ్లారు. ఆ సెషన్ ఆరు రోజులుగా 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్' అన్న స్థితిలో ఉంది. ఒక్క బిల్లు మొత్తం డేటాబేస్‌లోని అన్ని టేబుళ్ల శుభ్రతనూ ఆపేసింది. సెషన్‌ను ముగించి వాక్యూమ్ నడిపితే సంఖ్య వెంటనే పడిపోయింది. కానీ అప్పటికి పెరిగిన ఫైల్ అలాగే మిగిలింది. ఆ రోజు నుంచి నేను చూసే ప్రతి సర్వర్‌లో 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమౌట్' పెడుతున్నాను. అలా వదిలేసిన సెషన్‌ను గడువు దాటాక అది ముగిస్తుంది. ఈ సెట్టింగ్ 9.6 నుంచి ఉంది, దానంతట అది పనిచేయదు, మీరే విలువ ఇవ్వాలి.

తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్ కనిపించకపోతే, వాడుకలో లేని రెప్లికేషన్ స్లాట్లు (నకలు సర్వర్ కోసం ఉంచిన గుర్తులు), సగంలో ఆగిన ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్లు (సిద్ధం చేసి ఖరారు చేయనివి) ఉన్నాయేమో చూడండి. మరో నగరంలో బ్యాకప్ సర్వర్ పెట్టి, తర్వాత దాన్ని ఆపేసి, స్లాట్‌ను తీసేయడం మరచిపోయిన సందర్భాలు అరుదు కావు.

ఖాళీని ఖచ్చితంగా కొలవాలంటే ఏం వాడాలి?

మూడు దారులున్నాయి. ఏ పనికి ఏది అన్నది మీ టేబుల్ సైజును బట్టి ఉంటుంది. పీజీ ఫ్రీస్పేస్‌మ్యాప్ అనే ఎక్స్‌టెన్షన్ (పోస్ట్‌గ్రెస్‌కు అదనంగా చేర్చుకునే భాగం) వేసుకుంటే, మ్యాప్‌లో రాసి ఉన్న అంకెలను పేజీల వారీగా చూడవచ్చు, వాటిని కూడితే టేబుల్ మొత్తం ఖాళీ వస్తుంది. ఇది త్వరగా అయిపోతుంది, కానీ చివరి వాక్యూమ్ నాటి లెక్కనే ఎక్కువగా చూపిస్తుంది. పీజీ స్టాట్ టపుల్ అనే ఎక్స్‌టెన్షన్ టేబుల్‌ను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి బతికున్న వరుసలు, చచ్చినవి, ఖాళీ చోటు మూడింటినీ శాతాలతో సహా ఇస్తుంది. అసలైన తూకం ఇదే. కానీ 12 జీబీ టేబుల్‌ను పాత హార్డ్ డిస్క్ మీద మధ్యాహ్నం పన్నెండింటికి మొత్తం చదివిస్తే, కాంటా దగ్గర ఉన్నవారికి ఆ భారం తెలిసిపోతుంది. అందుకే 9.5లో అప్రాక్స్ అనే రూపం వచ్చింది. అన్ని వరుసలూ అందరికీ కనిపించేవే అని గుర్తున్న పేజీలను అది చదవదు, వాటి ఖాళీని మ్యాప్ నుంచే తీసుకుంటుంది, మిగతా పేజీలను మాత్రమే చదువుతుంది. రోజువారీ నివేదికకు నేను దీన్నే వాడతాను. పూర్తి కొలతను సీజన్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి, ఆదివారం రాత్రి తీసుకుంటాను.

నిర్వహణ నడుస్తుండగా అంకెలు చూడవచ్చా?

చూడవచ్చు. 9.6 నుంచి పీజీ స్టాట్ ప్రోగ్రెస్ వాక్యూమ్ అనే వ్యూ (టేబుల్‌లా చదువుకోగల జాబితా) ఉంది. పని ఏ దశలో ఉందో, మొత్తం పేజీలెన్ని, ఎన్ని చదివింది, ఎన్నింటిని శుభ్రం చేసిందో అందులో కనిపిస్తుంది. ఇండెక్స్‌ల దశలో చాలాసేపు ఆగినట్టు అనిపిస్తే కంగారు పడి ఆపకండి, పెద్ద ఇండెక్స్‌లకు అంత సమయం పడుతుంది. ఇండెక్స్‌ల చుట్టూ ఒకటి కంటే ఎక్కువసార్లు తిరుగుతోందంటే మాత్రం, మెయింటెనెన్స్ వర్క్ మెమ్, అంటే ఇలాంటి పనులకు కేటాయించిన మెమరీ, చాలడం లేదని అర్థం.

మధ్యలో చూసే ఖాళీ అంకెలను నమ్మవచ్చా అంటే, అది వెర్షన్‌ను బట్టి ఉంటుంది. 11కు ముందు పెద్ద టేబుల్ మీద వాక్యూమ్ గంటలు నడిస్తే, మ్యాప్‌లో చోటు వెతకడానికి వాడే పై అంతస్తులను చివర్లోనే సరిచేసేవారు. శుభ్రమైన చోటు అప్పటిదాకా కొత్త వరుసలకు పూర్తిగా దొరికేది కాదు. 11 నుంచి ఇండెక్స్‌లు ఉన్న టేబుళ్లలో ప్రతి శుభ్రత విడత తర్వాత, ఇండెక్స్‌లు లేని టేబుళ్లలో ప్రతి 8 జీబీకి ఒకసారి మ్యాప్‌ను సరిచేస్తున్నారు.

టేబుల్‌లో ఎంత శాతం ఖాళీ ఉంటే ఆందోళన పడాలి?

ఇంత అని ఒకే అంకె చెప్పడం సరికాదు. ఆటోవాక్యూమ్ ఎప్పుడు మేల్కొంటుందో చూస్తే ఆ కారణం తెలుస్తుంది. మామూలు సెట్టింగ్‌లలో వరుసల సంఖ్యలో 20 శాతానికి 50 కలిపినన్ని చచ్చిన వరుసలు పోగయ్యాకే అది టేబుల్ వైపు చూస్తుంది. 40 లక్షల వరుసలున్న టేబుల్‌లో అది 8,00,050. అంటే ఆరోగ్యంగా ఉన్న టేబుల్‌లో కూడా ఐదో వంతు దాకా పనికిరాని చోటు రావడం, పోవడం సహజమే. నేను చూసేది ఆ శాతం కదలికను. ఖాళీ 25 శాతం దగ్గర నిలబడి, ఫైల్ సైజు పెరగకుండా ఉంటే, ఆ ఖాళీ రోజూ వాడుకలో తిరుగుతోందని అర్థం, దాన్ని ముట్టుకోను. ఖాళీ ఎక్కువగా ఉండి కూడా ఫైల్ పెరుగుతూనే ఉంటే, ఆ ఖాళీ ఎందుకు పనికి రావడం లేదో వెతుకుతాను. పెద్ద టేబుళ్లకు 20 శాతం చాలా ఎక్కువ. ఆ టేబుల్ వరకు స్కేల్ ఫ్యాక్టర్‌ను (ఆ 20 శాతాన్ని నిర్ణయించే సెట్టింగ్) 0.02కో 0.05కో తగ్గించండి.

వాక్యూమ్ ఫుల్ చేస్తే అంతా ఒకేసారి తేలిపోతుంది కదా?

తేలిపోతుంది, కానీ దాని వెల పెద్దది. వాక్యూమ్ ఫుల్ టేబుల్ మొత్తాన్ని కొత్త ఫైల్‌లోకి తిరిగి రాస్తుంది. పూర్తయ్యేదాకా పాత ఫైల్, కొత్త ఫైల్ రెండూ డిస్క్ మీద ఉండాలి. డిస్క్ నిండిందని దీన్ని మొదలుపెట్టేవారికి కావాల్సిన చోటే ఉండదు. అది నడిచినంత సేపు ఆ టేబుల్‌ను ఎవరూ రాయలేరు, చదవలేరు కూడా.

ఒక మార్చి నెలలో, నేను సలహా ఇచ్చే చోట, పొద్దున పదకొండు గంటలకు లాట్ల టేబుల్ మీద దీన్ని నడిపారు. కాంటా దగ్గర తెరలన్నీ ఆగిపోయాయి. తక్ పట్టీలు బయటికి రాలేదు. యార్డులో మిర్చి బస్తాల పక్కన రైతులు ఎండలో నిలబడ్డారు. వారిలో కొందరు తెల్లవారకముందే ములుగు, భూపాలపల్లి వైపు నుంచి బయలుదేరి వచ్చినవారు. గంటన్నర తర్వాత డిస్క్ నిండి పని మధ్యలోనే విఫలమైంది, సగం రాసిన కొత్త ఫైల్ చెరిగిపోయింది, పరిస్థితి మొదటికి వచ్చింది. ఆ పూట సర్వర్ గదిలో కూర్చున్న మాకు కలిగిన ఇబ్బంది, బయట నిలబడ్డవారి ఇబ్బందితో పోల్చదగినది కాదు. మార్కెట్ నడిచే వేళ ఈ ఆదేశాన్ని వాడకూడదని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

నిజంగా చోటు తిరిగి కావాలంటే, మార్కెట్‌కు సెలవున్న రోజు బ్యాకప్ తీసి, టేబుల్ సైజుకు మించిన ఖాళీ డిస్క్‌లో ఉందని చూసుకుని చేయండి. సెలవు దొరకని చోట పీజీ రీప్యాక్ అనే ఉపకరణం ఉంది. దానికి కూడా రెట్టింపు చోటు కావాలి, టేబుల్‌కు ప్రైమరీ కీ గానీ, శూన్య విలువలు లేని యునీక్ కీ గానీ ఉండాలి, కానీ మొదట, చివర కొద్దిసేపు మాత్రమే పూర్తి లాక్ తీసుకుంటుంది. ఇంకా మంచి దారి, టేబుల్‌ను సీజన్ల వారీగా పార్టిషన్లు, అంటే వేర్వేరు ముక్కలు, చేయడం. పాత సీజన్ పార్టిషన్‌ను దాచుకుని తీసేస్తే ఫైల్ మొత్తం ఒక్కసారిగా పోతుంది, ఒక్క చచ్చిన వరుస కూడా మిగలదు.

ఇండెక్స్‌ల ఖాళీని కూడా ఇలాగే చదవవచ్చా?

చదవకూడదు. ఇండెక్స్‌ల విషయంలో ఫ్రీ స్పేస్ మ్యాప్ పూర్తిగా ఖాళీ అయిన పేజీలను మాత్రమే గుర్తుంచుకుంటుంది. పేజీలో సగం ఖాళీ ఉన్నా అది లెక్కలోకి రాదు. కాబట్టి ఆ అంకెలను కూడి నివేదికలో రాస్తే తప్పుదారి పడుతుంది. బీ ట్రీ రకం ఇండెక్స్‌లకు పీజీ స్టాట్ ఇండెక్స్ ఇచ్చే సగటు ఆకు సాంద్రత (ఇండెక్స్ చివరి స్థాయి పేజీలు ఎంత నిండి ఉన్నాయో) చూడండి. కొత్తగా కట్టినప్పుడు అది 90 శాతం దగ్గర ఉంటుంది. బాగా పడిపోతే, పని ఆపకుండా ఇండెక్స్‌ను మళ్లీ కట్టే రీఇండెక్స్ కన్కరెంట్లీ వాడవచ్చు, ఇది 12 నుంచి ఉంది.

నిన్న కరెంటు పోయి సర్వర్ ఆగిపోయింది. ఈరోజు చచ్చిన వరుసలు దాదాపు సున్నా అని చూపిస్తోంది. శుభ్రం అయిపోయిందా?

లేదు, లెక్క పోయింది. యూజర్ టేబుల్స్ వ్యూలో కనిపించే చచ్చిన వరుసల సంఖ్య సర్వర్ కూడగట్టుకునే గణాంకం. సర్వర్ సరిగ్గా ఆగకపోతే పోస్ట్‌గ్రెస్ ఆ గణాంకాలను పారేసి సున్నా నుంచి మొదలుపెడుతుంది. టేబుల్‌లోని చచ్చిన వరుసలు మాత్రం ఎక్కడివి అక్కడే ఉంటాయి. ఆటోవాక్యూమ్ కూడా ఈ గణాంకాలనే చూస్తుంది గనుక, ఇప్పట్లో పని లేదని అనుకుంటుంది. అలా ఆగిన ప్రతిసారీ ముఖ్యమైన టేబుళ్ల మీద వాక్యూమ్ అనలైజ్ ఒకసారి చేతితో నడపండి, ఆ రోజు నివేదికలో ఆ సంగతి రాయండి. ఇన్వర్టర్ బ్యాటరీ బలహీనపడిన చోట్ల ఇది ఏడాదికి ఒకసారి జరిగే విషయం కాదు.

ఒట్టి అనలైజ్ చేస్తే చాలదా?

చాలదు. అది క్వెరీ ప్లానర్ (క్వెరీని ఎలా నడపాలో నిర్ణయించే భాగం) కోసం నమూనాలు తీసుకుంటుంది. చచ్చిన వరుసల అంచనా కొత్తదవుతుంది గానీ, చోటు శుభ్రం కాదు, ఫ్రీ స్పేస్ మ్యాప్ మారదు.

మాది మై ఎస్‌క్యూఎల్. ఇవన్నీ మాకు వర్తిస్తాయా?

ఆలోచన వర్తిస్తుంది, అంకెలు వేరు. మై ఎస్‌క్యూఎల్‌లో డేటాను దాచే భాగమైన ఇన్నోడీబీలో డేటా ఫ్రీ అనే కాలమ్ ఖాళీని చూపిస్తుంది. ప్రతి టేబుల్‌కు వేరే ఫైల్ ఉంటే అది ఆ టేబుల్ లెక్క. ఉమ్మడి టేబుల్‌స్పేస్‌లో (చాలా టేబుళ్లు పంచుకునే చోటు) ఉంటే మొత్తం టేబుల్‌స్పేస్ ఖాళీనే ప్రతి టేబుల్ పక్కనా చూపిస్తుంది, వాటిని కూడితే లేని ఖాళీ పుట్టుకొస్తుంది. 8.0లో ఈ గణాంకాలను మామూలుగా 86,400 సెకన్లు, అంటే ఒక రోజంతా దాచి అవే చూపిస్తారు. టేబుల్‌ను తిరిగి రాసే ఆప్టిమైజ్ టేబుల్ ఆదేశం నడిపిన వెంటనే నివేదిక తీస్తే పాత అంకె రావచ్చు. గడువు సెట్టింగ్‌ను ఆ సెషన్ వరకు సున్నా చేసి అడగండి.

యజమానికి ఇచ్చే నివేదికలో ఏం రాయాలి?

నాకు తెలిసిన చాలా నివేదికలు 'ఇన్ని లక్షల వరుసలు తొలగించాం' అన్న ఒక్క వాక్యంతో ముగుస్తాయి. చదివేవారికి దాని వల్ల తెలిసేది ఏమీ లేదు. వారు అడిగేది ఒకటే, డిస్క్ ఇంకెన్నాళ్లు వస్తుంది అని. దానికి జవాబు దొరకాలంటే ఫైల్ సైజు, అందులో వాడుకోదగిన ఖాళీ, తీయలేకపోయిన వరుసలు, డిస్క్‌లో మిగిలిన చోటు ఒకే చోట కనిపించాలి, పక్కనే గతవారం అంకెలూ ఉండాలి. నేను ఇలా రాస్తాను: 'లాట్ల టేబుల్ 12 జీబీ, గతవారమూ 12 జీబీయే. అందులో సుమారు 5 జీబీ మళ్లీ వాడుకోదగిన చోటు ఉంది, కాబట్టి కొంతకాలం ఈ ఫైల్ పెరగదు. డిస్క్‌లో కొత్తగా చోటు రాలేదు, రావలసిన అవసరమూ ఇప్పుడు లేదు. తీయలేని వరుసలు లేవు.' కంప్యూటర్ తెలియని యజమాని కూడా దీన్ని చదివి, కొత్త డిస్క్ ఇప్పుడే కొనాలా వద్దా అని నిర్ణయించుకోగలరు. తీయలేని వరుసలు ఉంటే కారణం కూడా రాయండి. ఎవరి కంప్యూటర్ తెరిచి ఉందో రాయాల్సిన పని లేదు, తెరిచి ఉందని రాస్తే చాలు.

ఈ నివేదికలను ఎంతకాలం దాచాలి?

కనీసం రెండు పూర్తి సీజన్లు దాచాలి. మార్కెట్ లెక్కల్లో ఈ నెలను గత నెలతో పోలిస్తే ఏమీ తేలదు, ఎందుకంటే జూన్, జూలైలో టేబుళ్లు దాదాపు కదలవు, దసరా తర్వాత పత్తితో మొదలై మిర్చి వచ్చేసరికి పరుగెత్తుతాయి. ఈ ఫిబ్రవరిని పోల్చవలసింది నిరుటి ఫిబ్రవరితోనే. నేను ప్రతి వాక్యూమ్ తర్వాత ఆ నాలుగు అంకెలను తేదీతో సహా ఒక చిన్న టేబుల్‌లో రాసే స్క్రిప్టు పెట్టుకున్నాను. రోజుకు ఒక్కో టేబుల్‌కు ఒక్క వరుస, ఎప్పుడూ మార్చనిది, కాబట్టి దానికి దాదాపు వాక్యూమ్ అవసరమే రాదు.